బొట్టు కింద మొదలైన తెలుపు

పశ్చిమగోదావరి జిల్లా నుంచి 25 ఏళ్ళ యువతి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. రెండేళ్ళ కిందట కనుబొమల మధ్య, సరిగ్గా స్టిక్కర్ బొట్టు అంటించుకునే చోట, కందిగింజంత తెల్లమచ్చ కనిపించింది. అది కనపడకుండా ఇంకాస్త పెద్ద స్టిక్కర్ పెట్టుకుంటూ వచ్చారు. నాలుగు నెలల కిందట కుడిచేతి మూడు వేళ్ళ కణుపుల మీద, ఆ వెనకే కింది పెదవి మూల కొత్త మచ్చలు వచ్చాయి. నాయనమ్మ బావంచాల గింజలు నూరి, నువ్వులనూనెలో కలిపి రాసి, మిట్టమధ్యాహ్నం అరగంట ఎండలో కూర్చోబెట్టారు. మూడోనాటికి కణుపుల మీద బొబ్బలు లేచాయి, మంటకు నిద్ర పట్టలేదు. అవి మానేసరికి మచ్చలు ముందుకన్నా పెద్దవయ్యాయి. ఇంట్లో పెరుగు, నిమ్మకాయ, చేపలు, వంకాయ మాన్పించారు. మందుల షాపతను ఇచ్చిన ట్యూబు పెదవి మూల రెండు నెలలుగా రాస్తున్నారు.

ఈలోగా సంబంధం కుదిరింది. శ్రావణంలో నిశ్చితార్థం అయింది, మాఘంలో పెళ్ళి. అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మ "పెళ్ళయ్యాక నెమ్మదిగా చెబుదువుగానిలే" అంటున్నారు. నాన్న ఏమీ అనరు. మేనత్త మాత్రం "తెల్లకుష్టంటారు, జాగ్రత్త" అనేసి వెళ్ళారు. "వీడియో కాల్ వస్తే కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడంచేత్తో ఫోను పట్టుకుంటున్నాను" అని రాశారు. ఇది బొట్టు వల్ల వచ్చిందా, బొల్లేనా? పెళ్ళిలోపు పోతుందా? పుట్టబోయే పిల్లలకు వస్తుందా? అబ్బాయికి చెప్పాలా, వద్దా?

సమాధానం

మీరు ప్రశ్నలు అడిగిన వరుస బాగుంది. చెప్పాలా వద్దా అన్నదాన్ని చివరికి ఉంచారు. ఆ తెలుపు ఏ రకమో, అది ఇంకా పాకుతోందో ఒకచోట నిలిచిందో తెలియకుండా చెప్పడానికీ మీ దగ్గర మాట ఉండదు, దాచడానికీ ధైర్యం ఉండదు.

మేనత్త మాటతో మొదలుపెడదాం. కుష్టు మచ్చ పాలలా తెల్లగా ఉండదు, చుట్టూ ఉన్న చర్మం కన్నా కాస్త వెలిసినట్టుగానో ఎర్రగానో ఉంటుంది. ముఖ్యంగా అక్కడ స్పర్శ తగ్గుతుంది. దూదిపోగు ఆనించినా తెలియదు, చెమట పట్టదు, వెంట్రుకలు రాలతాయి. మీ కణుపుల మీద బొబ్బలు మండి నిద్ర పట్టలేదని రాశారు, కాబట్టి అక్కడ స్పర్శ ఉన్నట్టే. బొల్లి సూక్ష్మజీవి వల్ల వచ్చేది కాదు, ఎవరికీ అంటదు. 'తెల్లకుష్టు' అన్న పేరు పాతకాలపు పొరపాటు. చర్మవైద్యులు ఎలాగూ స్పర్శ చూస్తారు, ఆ మాట చీటీ మీద రాయించుకోండి. మేనత్తగారికి చూపించడానికి పనికొస్తుంది.

ఇక బొట్టు సంగతి. స్టిక్కర్ వెనక జిగురులో పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉండొచ్చు. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలను కొందరిలో అది దెబ్బతీస్తుంది. కొన్ని రబ్బరు చెప్పుల్లో వాడే రసాయనాలు పట్టీ ఒరిసే చోట ఇలాంటి పనే చేస్తాయి. ఆనవాలు సులభం. బొట్టు ఎంత గుండ్రమో మచ్చా అంతే గుండ్రంగా వస్తుంది. మీ మొదటి మచ్చ అలాగే వచ్చింది. దాన్ని కప్పడానికి మరింత పెద్ద స్టిక్కర్ వాడారు కాబట్టి ఆ జిగురు మరికాస్త మేర తగిలింది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఈ మచ్చ వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది చేసే పని అదే.

అంతటితో తేలిపోయేదే అయితే స్టిక్కర్ మానేసి ఊరుకోమనేవాళ్ళం. కానీ బొట్టు తగలని కణుపుల మీదా, పెదవి మూలా కూడా వచ్చాయి. రసాయనంతో మొదలైన తెలుపు, వంశంలో ఆ తత్వం ఉన్నవాళ్ళలో, తగలని చోట్లకూ పాకొచ్చు. ఆ దశలో దానికీ మామూలు బొల్లికీ తేడా చెప్పడం వైద్యులకూ కష్టమే, వైద్యమూ ఒకటే. బొల్లిలో ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే మెలనోసైట్లను శత్రువులనుకుని చంపుతాయి. కాబట్టి బొట్టు అగ్గిపుల్ల అయి ఉండొచ్చు, లోపల ఎండుగడ్డి ముందే ఉంది. స్టిక్కర్ ఈరోజే ఆపేయండి. కుంకుమ పెట్టుకుంటే పసుపు, సున్నంతో చేసినదే చూసుకోండి. బజారు కుంకుమల్లో రంగులు కలిపినవి ఎక్కువ, వాటితో నల్లమచ్చలు వచ్చే గొడవ వేరే.

బావంచాల దగ్గర నాయనమ్మను తిట్టకండి. అందులోని సొరాలెన్ నిజంగానే మందు. ఈజిప్టులో ఇలాంటి గుణమున్న మరో మొక్క నుంచి ఆ కోవ రసాయనాన్నే వేరుచేసి, 1940లలో బొల్లికి వాడారు. చిక్కంతా మోతాదులో ఉంది. సొరాలెన్ ఇంకిన చర్మం మీద ఎండలోని అతినీలలోహిత కిరణం పడితే మామూలు కన్నా చాలా ఎక్కువగా కాలుతుంది. నూరిన పొడిలో అదెంత ఉందో, ఆనాటి ఎండలో ఆ కిరణం ఎంత ఉందో ఎవరికీ తెలియదు. కాలిన సంగతి ఆ పూటే బయటపడదు, రెండు మూడు రోజులకు ముదురుతుంది. మీకు మూడోనాడు బొబ్బలు లేచింది అందుకే. కిటికీ అద్దం ఆ కిరణాన్ని పెద్దగా ఆపదు కూడా. అది రాసుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ప్రమాదమే.

మచ్చ పెద్దదవడానికి కారణం కాలడమే. బొల్లి కదలికలో ఉన్నప్పుడు గీసుకున్నా, కాలినా, ఒరిసినా ఆ దెబ్బ తగిలిన మేర తెల్లబడుతుంది. వైద్యులు దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. మీకు ఈ ముక్క అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పెళ్ళికి ముందు జరిగేవన్నీ చర్మాన్ని గీకే పనులే. కనుబొమలకు దారం లాగించడం, వ్యాక్సింగ్, ముఖానికి బ్లీచ్, నల్ల మెహందీ (దీంట్లో కలిపే జుట్టు రంగు రసాయనం బొబ్బలు తెప్పిస్తుంది), బిగుతైన వడ్డాణం, వంకీ, రోజూ నడుముకి కోసుకుపోయే లంగా బొందు. బొందు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోండి. గిన్నెలు తోమేటప్పుడు లోపల నూలు గ్లౌజు, పైన రబ్బరుది వేసుకోండి. కణుపులు నేలకు ఆనించి లేవడం, గోళ్ళ చుట్టూ కొరకడం మానండి.

ఆహారం గురించి ఒక్క మాట చాలు. చేపలు, పాలు కలిపి తింటే బొల్లి వస్తుందనడానికి ఆధారం లేదు. పెరుగు, నిమ్మ, వంకాయ మానితే మచ్చ ఆగుతుందనడానికీ లేదు. పెళ్ళి ముందు ఆర్నెల్లు నోరు కట్టుకుని రక్తం తగ్గించుకోవడం మాత్రం నష్టం. తినండి.

పెదవి మూల రాస్తున్న ట్యూబు మీద ఏం రాసుందో చూడండి. చివర 'సోన్' అనో 'సాల్' అనో వచ్చే పేరు, దాంతో పాటు బూజు మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటే అది ఘాటైన స్టెరాయిడ్ మిశ్రమం. పలుచని పెదవి చర్మానికి అది తగదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, నోటి చుట్టూ పొక్కులు వస్తాయి. చర్మవైద్యులను త్వరగా కలిసి, ట్యూబు వాళ్ళకు చూపించి ఎలా ఆపాలో అడగండి. ఉన్నట్టుండి ఆపితే కొందరికి ఎర్రబడి మంట వస్తుంది.

ఆస్పత్రిలో వుడ్స్ ల్యాంప్ కింద చూస్తారు. చీకటి గదిలో ఆ దీపం వేస్తే బొల్లి మచ్చ నీలం కలిసిన తెలుపుతో మెరుస్తుంది, కంటికి ఇంకా కనపడనివీ బయటపడతాయి. శోభి అయితే పసుపుగా తేలుతుంది. బొల్లి ఉన్నవాళ్ళలో థైరాయిడ్ ఇబ్బందులు మామూలు జనంలో కన్నా ఎక్కువ. అందుకే టీఎస్‌హెచ్, యాంటీ టీపీఓ (ఈ రెండూ థైరాయిడ్‌కి), పరగడుపు షుగర్, రక్తకణాల లెక్క, బీ12 పరీక్షలు చేయించండి. పెళ్ళవబోతున్నవారికి థైరాయిడ్ పరీక్ష ఎలాగూ మంచిదే, తర్వాత గర్భానికీ అది పనికొస్తుంది.

పాకుతోందా నిలిచిందా అన్నది మీరే ఇంట్లో కొలవొచ్చు. ప్రతి నెలా ఒకటో తారీకున, అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో, మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీయండి. బిళ్ళ సైజు మారదు, మచ్చ మారితే తెలిసిపోతుంది. మచ్చ చుట్టూ ఆవాలు చల్లినట్టు చిన్న తెల్లచుక్కలు కనిపిస్తే అది పాకుతోందనడానికి గుర్తు. తెలుపుకీ మామూలు రంగుకీ నడుమ లేత గోధుమ అంచు ఉంటే అదీ అంతే. నాలుగు నెలల్లో రెండు కొత్త చోట్లు, కాలిన చోట విస్తరణ, వీటిని బట్టి మీది కదలికలో ఉన్న బొల్లిలాగే ఉంది. అందుకే వైద్యం మాఘం దాకా వాయిదా వేయకండి.

వైద్యంలో రెండు పనులుంటాయి, మచ్చ పాకకుండా ఆపడం ఒకటి, రంగును తిరిగి రాబట్టడం ఇంకొకటి. ఆపడానికి వారంలో వరుసగా రెండు రోజులు మాత్రమే స్టెరాయిడ్ మాత్ర వేసుకునే మినీ పల్స్ పద్ధతి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, మూడు నుంచి ఆరు నెలలు సాగుతుంది. బరువు పెరగడం, మొటిమలు, నెలసరి తప్పడం దాంతో రావచ్చు. ముహూర్తం లెక్కలు నెలసరితో ముడిపడి ఉంటాయి కాబట్టి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. మీ మచ్చలు తక్కువ గనుక మాత్ర లేకుండానే గడవొచ్చు కూడా. అది డాక్టరు తూచాల్సిన విషయం.

రంగు కోసం నుదుటికీ పెదవి అంచుకీ టాక్రోలిమస్ 0.1 శాతం ఆయింట్‌మెంట్ ఎక్కువగా రాస్తారు, రోజుకు రెండుసార్లు. మొదటి వారం చురుక్కుమని మండుతుంది. మందు పడలేదనుకుని ఆపేసేవాళ్ళే ఎక్కువమంది, ఆ మంట తగ్గిపోతుంది. వేళ్ళకు మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీము రోజుకోసారి, మధ్యమధ్య ఆపుతూ ఇస్తారు. వీటికి తోడు నారోబ్యాండ్ యూవీబీ, అంటే ఆస్పత్రిలో యంత్రంతో మచ్చ మీద పెట్టే 311 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. వారానికి రెండు మూడు సార్లు, వరుస రోజుల్లో కాకుండా. మచ్చ లేత గులాబీ రంగుకి తిరిగి, ఆ రంగు ఒక రోజులోపు పోయేంత మోతాదు సరైనది. మరునాటికీ ఎర్రగా ఉండి నొప్పి పెడితే మోతాదు ఎక్కువైందని తరవాతి సిట్టింగ్‌కి ముందే చెప్పాలి. ఆర్నెల్లంటే సుమారు 50 నుంచి 75 సిట్టింగ్‌లు. మీ ఊరి నుంచి బస్సు ఛార్జీ, ఆఫీసు సెలవు లెక్క వేసుకోండి. వైద్యం మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. ప్రభుత్వ బోధనాసుపత్రి చర్మ విభాగంలో యంత్రం ఉందేమో ముందు కనుక్కోండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. రంగు వెంట్రుక కుదుళ్ళ నుంచి తిరిగొస్తుంది. అక్కడ దాక్కున్న కణాలు బయటికొచ్చి, మచ్చలో గోధుమ చుక్కలుగా మొదలై, ఒకదానితో ఒకటి కలుస్తాయి. ముఖం, మెడ బాగా మాట వింటాయి. వెంట్రుకలు లేని పెదవి, అరుదుగా ఉండే వేలి కణుపు మొండివి. మచ్చలో వెంట్రుకలు కూడా తెల్లబడితే ఇంకా కష్టం. కాబట్టి ఈ రోజు మొదలుపెడితే మాఘానికి నుదుటి మచ్చ చాలావరకు నిండొచ్చు, పెదవి మూల సగంసగం, కణుపులు దాదాపు ఇప్పటిలాగే. మూడు నెలలకు ఏమీ కదల్లేదని ఆపకండి, ఆర్నెల్లు వాడాకే పనిచేయలేదని అనాలి. 30 రోజుల్లో పోగొడతామనే ప్రకటన చూస్తే ఆ పేజీ తిప్పేయండి. రుక్సోలిటినిబ్ క్రీముకు 2022లో అమెరికాలో బొల్లికి అనుమతి వచ్చింది, డాక్టరును అడగొచ్చు. తొడ నుంచి పలుచని చర్మం తీసి, అందులోని కణాలను మచ్చ మీద నాటే శస్త్రచికిత్స మొండి కణుపులకు దారే కానీ, కనీసం ఏడాది మచ్చలు కదలకుండా ఉండాలి. ఈ ముహూర్తానికి అది అందదు. పెదవికి రంగు టాటూ వేయిస్తామనే పార్లర్లకు మాత్రం వెళ్ళకండి. సూది గుచ్చడమే కోబ్నర్‌కి పిలుపు.

పెళ్ళి అంటున్నారు కాబట్టి మరొకటి. బొల్లికి కొందరికిచ్చే మెథోట్రెక్సేట్, టోఫాసిటినిబ్ లాంటి మాత్రలు గర్భంలో పనికిరావు, మొదలుపెట్టే ముందే మీ పెళ్ళి తేదీ డాక్టరుకు చెప్పండి. యూవీబీ గర్భంలోనూ వాడదగినదే, అయితే అది రక్తంలో ఫోలేట్ అనే విటమిన్‌ను తగ్గించవచ్చు. పిల్లల ఆలోచన ఉంటే ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి.

పిల్లల సంగతి. తల్లికో తండ్రికో బొల్లి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఐదారు, మామూలు జనంలో నూటికి ఒకటి అటూ ఇటూ. అచ్చం ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చింది 23 శాతం మందిలోనే. రక్తం ఒక్కటే అయినా నాలుగింట మూడు వంతుల మందికి రాలేదంటే, వంశం ఒక్కటే నిర్ణయించదు.

అబ్బాయికి చెప్పడం గురించి. అమ్మ చెప్పినట్టు పెళ్ళయ్యేదాకా దాచితే ఏమవుతుందో చూద్దాం. నుదురు, పెదవి మేకప్‌తో కప్పొచ్చు. చేతిని కప్పడం అంత సులువు కాదు. కన్యాదానంలో నీళ్ళు పోస్తారు, తలంబ్రాలు పోస్తారు, ఆయన పట్టుకునేది కుడిచెయ్యే. వాటర్‌ప్రూఫ్ క్రీము పౌడరుతో అద్దినా అన్నిటికీ ఆగదు. డైహైడ్రాక్సీ ఎసిటోన్ అనే రంగు నీళ్ళకు పోదు, చర్మం పైపొరకే పట్టి మూడు నుంచి ఐదు రోజులుంటుంది, చేతుల మీద ఇంకా తొందరగా వెలుస్తుంది. ఒక పూట గడుస్తుంది. తర్వాత? టాక్రోలిమస్ ట్యూబు పెట్టుకునే అర, వారానికి మూడుసార్లు యూవీబీకి వెళ్ళే సాకు, కొత్తకాపురంలో ఈ రెండూ దొరకవు. దాచితే వైద్యం ఆగుతుంది, ఆగితే మచ్చ పెరుగుతుంది, పెరిగితే దాచలేరు. చట్టమూ తెలుసుకోండి. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో, ముఖ్యమైన సంగతి దాచి మోసంతో సమ్మతి పొందారని రద్దు కోరే వీలుంది, సంగతి తెలిసిన ఏడాదిలోపు. బొల్లికి అది వర్తిస్తుందా అనేది ఒక్కో కేసు వివరాల మీద ఆధారపడే వాదన. కానీ ఆ వాదనలో మీరు నిలబడాల్సి రావడమే నష్టం. బొల్లి ఉండటం విడాకులకు కారణమని చట్టంలో ఎక్కడా లేదు. కుష్టును కూడా 2019లో ఆ జాబితా నుంచి తీసేశారు.

పెద్దల ద్వారా చెప్పించడం ఇంకో దారి. అందులో మాట నాలుగు నోళ్ళు మారి, మేనత్త మాటగా తేలే ప్రమాదం ఉంది. ముందు ఆయనకొక్కరికే మీరే చెప్పి, ఆ తర్వాత ఇద్దరి పెద్దలకూ ఆయన సమక్షంలో చెప్పడం మాకు మెరుగ్గా తోస్తోంది. దీనివల్ల సంబంధం తప్పిపోవచ్చు. నిశ్చితార్థం అయ్యాక తప్పితే ఊళ్ళో మాటలుంటాయి, ఖర్చులుంటాయి, నాన్నగారి మౌనం వెనక ఉన్నది బహుశా ఈ లెక్కే. ఆ బరువు చిన్నదని మేం అనం. పెళ్ళి తర్వాత తప్పేదాని పక్కన పెట్టి చూడమంటాం, అంతే. ముహూర్తం వైశాఖానికో జ్యేష్ఠానికో జరిపితే వైద్యానికి వ్యవధి దొరుకుతుంది, అయితే కారణం చెప్పకుండా జరపమంటే అనుమానం పుడుతుంది. కాబట్టి అదీ చెప్పాకే.

ఎప్పుడు చెప్పాలంటే, చర్మవైద్యులను చూశాక, చీటీ చేతిలో ఉన్నప్పుడు. "నాకు బొల్లి ఉంది, మూడు చోట్ల. అంటదు. వైద్యం మొదలుపెట్టాను. చేతి మచ్చలు పెళ్ళినాటికి పోవు, ఇంకా రావచ్చు కూడా. మీకు డాక్టరును అడగాలని ఉంటే ఇద్దరం కలిసి వెళదాం" అంటే సరిపోతుంది. క్షమాపణ కలపకండి, మీరు చేసిన తప్పేమీ లేదు. వీడియో కాల్‌లో అయితే కుడిచేత్తోనే ఫోను పట్టుకోండి. ఆయన ఆలోచించుకుంటానంటే వారం గడువివ్వండి, నెలల తరబడి వేలాడనివ్వకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడిన ట్యూబు, స్టిక్కర్ ప్యాకెట్, మొదటి మచ్చ కనిపించే పాత ఫొటో ఉంటే అదీ తీసుకెళ్ళండి. బావంచాలు ఆఖరిసారి ఏ తారీకున రాశారో తప్పకుండా చెప్పండి. కణుపుల మీద కాలిన చర్మం పూర్తిగా మానేదాకా అక్కడ యూవీబీ పెట్టరు, అప్పటిదాకా ఆ చేతికి ఎండ తగలకుండా పొడుగు చేతుల జాకెట్టో, చున్నీ కొసో కప్పుకోండి.